ఊరి రక్తం ఊరికే పోకూడదు

పోయిన నెల ఈ శీర్షికలో ఊళ్లకు వచ్చే ఆరోగ్య సర్వేల గురించి నాలుగు ముక్కలు రాసి, మీ అనుభవాలు చెప్పమని అడిగాను. ఉత్తరాలు వచ్చాయి, మెయిళ్లు వచ్చాయి, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లు కూడా వచ్చాయి. సగానికి సగం శ్రీకాకుళం జిల్లాలో కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం నుంచే. అన్నిటికీ చోటు చాలదు కాబట్టి ఒకేలాంటివి కలిపేసి ఆరింటికి జవాబు రాస్తున్నాను. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు, అందుకే ఎవరి పేరూ వేయడం లేదు.

ప్రశ్న: మాది ఉద్దానంలో కవిటి మండలం. మా మామగారు, మా బావగారు ఇద్దరూ కిడ్నీ జబ్బుతోనే పోయారు. ఇప్పుడు మా ఆయనకి మొదలైంది. నేను కాపురానికొచ్చాక ఇప్పటికి నాలుగుసార్లు ఎవరెవరో వచ్చి రక్తం, మూత్రం, బోరు నీళ్లు పట్టుకెళ్లారు. ఒకళ్లయితే గోళ్లు కూడా కత్తిరించుకుని వెళ్లారు. ఈ జబ్బు ఎందుకొస్తోందో ఒక్కళ్లూ చెప్పలేదు. ఈసారి వస్తే ఇవ్వకూడదని మా వీధిలో ఆడవాళ్లమంతా అనుకున్నాం. మాది తప్పా?

జవాబు: తప్పు కాదమ్మా. ఇవ్వను అనే హక్కు మీకుంది, ఆ మాటన్నందుకు ఆసుపత్రిలో వైద్యం గానీ డయాలసిస్ గానీ పింఛను గానీ ఎవరూ ఆపడానికి లేదు. అది ముందు మనసులో పెట్టుకోండి. అయితే ఇవ్వడం మానేయమని మాత్రం నేను చెప్పను. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదవండి.

2019లో, 2020లో ఉద్దానం మీద రెండు పెద్ద అధ్యయనాలు వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి. ఒక్కోదాంట్లో రెండు వేల మందికి పైగా పెద్దవాళ్లను, అదీ ఆసుపత్రికి వచ్చినవాళ్లను కాకుండా ఊళ్లలో ఇళ్లకు వెళ్లి పరీక్ష చేశారు. రెండిటిలోనూ ఇంచుమించు ఐదుగురిలో ఒకరికి కిడ్నీ దెబ్బతిన్నట్టు తేలింది. వాళ్లలో ఎక్కువమందికి షుగర్ లేదు. మామూలుగా కిడ్నీ పాడైనవాళ్ల మూత్రంలో పోయే ప్రొటీన్ కూడా పెద్దగా పోవడం లేదు. అంటే ఇది మనకు తెలిసిన షుగర్ కిడ్నీ, బీపీ కిడ్నీ కాదు, వేరే జబ్బు. ఈ సంగతి తేలింది మీలాంటివాళ్లు ఇచ్చిన రక్తం వల్లే. "మీ ఊళ్లో అందరూ మందు తాగుతారు కాబట్టి వస్తోంది" అని పట్నం డాక్టర్లు కొందరు తేలిగ్గా కొట్టిపారేసే రోజుల్లోంచి, పలాసలో 200 పడకల ఆసుపత్రి, దాంతోపాటు కిడ్నీ పరిశోధన కేంద్రం పెట్టేదాకా రావడం వెనుక ఆ లెక్కలున్నాయి. ఆ ఆసుపత్రి, హిరమండలం రిజర్వాయర్ నుంచి ఏడు మండలాలకు వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకం, రెండూ 2023 డిసెంబరు 14న మొదలయ్యాయి. లెక్కలు లేకపోతే ఎవరు ఎంత అరిచినా ప్రభుత్వాలు కదలవు, ఏ పార్టీ ప్రభుత్వమైనా సరే.

మరి కారణం ఎందుకు తేలలేదంటారా? ఇన్నాళ్లూ జరిగినవి ఎక్కువగా ఒక్కసారి వచ్చి చూసి వెళ్లిన సర్వేలు. ఎంతమందికి ఉందో అవి చెబుతాయి, ఎందుకొచ్చిందో చెప్పలేవు. కోతలప్పుడు పొలం చూసి, తెగులు ఏ వానకి పట్టిందో చెప్పమంటే ఎవరు చెప్పగలరు? కిడ్నీ ఒక్క రోజులో పాడవదు, పదేళ్లూ పదిహేనేళ్లూ పడుతుంది. ఇవాళ మీ ఆయన రక్తంలో ఏదో లోహం ఎక్కువ కనిపించిందనుకోండి, ఆ లోహం వల్ల కిడ్నీ చెడిందా, కిడ్నీ చెడి దాన్ని బయటికి పంపలేక ఒంట్లో నిలవుందా? ఒక్క పరీక్షతో ఆ ముడి విప్పలేం. అందుకే ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నవాళ్లను, పాతికేళ్ల కుర్రాళ్లను, ఏడాదికి రెండుమూడుసార్లు చొప్పున ఏళ్ల తరబడి చూస్తూ ఉండాలి. ఎవరికి ముందు చెడుతోంది, వాళ్లు ఏ నీళ్లు తాగారు, ఏ ఎండలో ఎన్ని గంటలు పనిచేశారు, ఏ మాత్రలు మింగారు అని పోల్చి చూడాలి. అది కష్టం, ఖర్చు, పైగా ఓపిక కావాలి. కానీ దారి అదొక్కటే.

ఈ జబ్బు మీ ఒక్కచోటే లేదు. నికరాగ్వా, ఎల్‌సాల్వడార్ దేశాల్లో చెరకు నరికే కూలీలకు, శ్రీలంకలో అనూరాధపురం వైపు వరి రైతులకు అచ్చం ఇలాగే వస్తోంది. అన్నిచోట్లా ఎండ, అన్నిచోట్లా ఒళ్లు హూనమయ్యే పని, అన్నిచోట్లా పేదవాళ్లే. ఎండదెబ్బ, ఒంట్లో నీరు ఇంకిపోవడం ఒక కారణం కావచ్చని గట్టి అనుమానం. పురుగుమందులు, నీళ్లలో సిలికా, లోహాలు, నొప్పి బిళ్లలు, వంశపారంపర్యం, ఇవన్నీ అనుమానితుల జాబితాలో ఉన్నాయి. ఏదో ఒకటే దొంగ అని నేననుకోవడం లేదు, రెండుమూడు కలిసి చేస్తున్న పనే అయ్యుండాలి.

ఇప్పుడు మీ కోపం దగ్గరికి వస్తాను, అది న్యాయమైన కోపం. నేను చదువుకునే రోజుల్లో ఒక తీరగ్రామంలో సర్వే బృందంతో తిరిగాను. వందకు పైగా ఇళ్లలో రక్తం తీశాం. గొట్టాల మీద స్కెచ్ పెన్నుతో నెంబర్లు వేసి ఐస్ డబ్బాలో సర్దుకుని, "పదిహేను రోజుల్లో రిపోర్టు ఇస్తాం" అని చెప్పి వచ్చేశాం. రిపోర్టులు వచ్చాయి, మా పెద్దల బీరువాలో చేరాయి, ఊరికి మాత్రం వెళ్లలేదు. ఏడాది తర్వాత వేరే పని మీద ఆ ఊరు వెళితే, జీడి పిక్కలు కొట్టే ఒకావిడ నన్ను గుర్తుపట్టింది. జీడి సొనకి వేళ్లన్నీ నల్లగా మాడిపోయి ఉన్నాయి. ఆ చెయ్యి చాపి "మా చీటీ ఏది బాబూ?" అంది. ఏం చెప్పాలో తెలియలేదు. ఇన్నేళ్లయినా ఆ చెయ్యి మర్చిపోలేదు. మీ ఉత్తరం చదువుతుంటే మళ్లీ కళ్ల ముందుకొచ్చింది.

అందుకని ఈసారి సర్వేవాళ్లు వస్తే తలుపు వేసేయకుండా, వీధి అరుగు మీద కూర్చోబెట్టి అడగండి. మీరు ఎవరు, ఏ సంస్థ, దీనికి ఏ ఎథిక్స్ కమిటీ (పరిశోధన వల్ల మనుషులకు అన్యాయం జరగకుండా చూసే సంఘం) అనుమతి ఇచ్చింది, మా రక్తం ఎక్కడికి వెళుతుంది, మిగిలింది పారేస్తారా దాచుకుంటారా, మా రిపోర్టు మా చేతికి ఎప్పుడు ఇస్తారు, తేడా ఉందని తేలితే మమ్మల్ని ఏ ఆసుపత్రికి పంపిస్తారు, ఆ ఖర్చు ఎవరిది. ఇవన్నీ అంగీకార పత్రంలో తెలుగులో రాసి ఉండాలి, దాని నకలు ఒకటి మీ దగ్గర ఉండాలి. 2017లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) ఇచ్చిన మార్గదర్శకాలు చెప్పేదీ అదే, మీరు కొత్తగా గొంతెమ్మ కోరికలేమీ కోరడం లేదు. జవాబు సరిగ్గా చెప్పినవాళ్లకు ఇవ్వండి, నసిగినవాళ్లకు ఇవ్వకండి.

ప్రశ్న: నేను హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నాను. నాన్నగారు వజ్రపుకొత్తూరు మండలంలో ఉంటారు, 52 ఏళ్లు, కొబ్బరితోట పని. మొన్న క్యాంపులో కిడ్నీ కోసం రక్తపరీక్ష చేస్తే క్రియాటినిన్ 1.6 వచ్చింది. బీపీ లేదు, షుగర్ లేదు, కాళ్లవాపు లేదు, మూత్రం మామూలుగానే వస్తోంది. "నాకేం లేదురా" అని ఆ కాగితం మడిచి చూరులో పెట్టేశారు. ఊళ్లో ఎవరికీ చెప్పొద్దంటున్నారు, చెల్లికి సంబంధాలు చూస్తున్నాం. నాకు చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: తమ్ముడూ, ఆ కాగితం చూరులోంచి తీయించు. ఈ జబ్బు మోసం చేసేది సరిగ్గా ఇక్కడే. మామూలు కిడ్నీ జబ్బులో జల్లెడలా వడపోసే భాగం ముందు చెడుతుంది కాబట్టి మూత్రంలో నురగ, మొహం వాపు, కాళ్లవాపు కనిపిస్తాయి. ఉద్దానం జబ్బులో ముందు దెబ్బతినేది ఆ జల్లెడ తర్వాత ఉండే సన్నటి గొట్టాలు, వాటి చుట్టూ ఉన్న భాగం. అందుకే వాపు రాదు, చాలామందికి మొదట్లో బీపీ కూడా పెరగదు, మూత్రం బాగానే వస్తున్నట్టు ఉంటుంది. ఆకలి తగ్గడం, వాంతులు, ఆయాసం మొదలయ్యేసరికి చాలా దూరం వెళ్లిపోయి ఉంటుంది. క్రియాటినిన్ అంటే కిడ్నీ బయటికి పంపాల్సిన వ్యర్థం, అది కూడా కిడ్నీ పని సగం దాకా తగ్గేవరకు పెద్దగా పెరగకపోవచ్చు, కాబట్టి 1.6ని చిన్న అంకె అనుకోవద్దు.

అలాగని ఒక్క రిపోర్టు చూసి జబ్బు ఖాయమనీ అనుకోకూడదు. ఎండలో పనిచేసి నీళ్లు తాగక క్యాంపుకి వచ్చినా, అంతకుముందు విరేచనాలైనా, నొప్పి బిళ్లలు వేసుకున్నా ఆ అంకె తాత్కాలికంగా పెరుగుతుంది. క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నది కలిపి, కిడ్నీ ఎంత బాగా వడపోస్తోందో చెప్పే ఈజీఎఫ్ఆర్ అని ఒక లెక్క కడతారు. అది 60 కంటే తక్కువ ఉండి, మూడు నెలల తర్వాత మళ్లీ చూసినా అలాగే ఉంటే అప్పుడు దీర్ఘకాలిక జబ్బు అంటారు. ఈ వారంలోనే ఒకసారి డాక్టర్‌కి చూపించి, మూత్రంలో ఆల్బుమిన్ అనే ప్రొటీన్ పరీక్ష, కిడ్నీల స్కానింగ్ చేయించు. మళ్లీ మూడు నెలలకి పరీక్ష చేయించే తేదీ నీ ఫోన్‌లో పెట్టుకో, నాన్నగారి మీద వదిలేయకు.

ఇవాళ్టి నుంచే చేయాల్సిన పని ఒకటుంది. ఇంట్లో ఉన్న మాత్రల డబ్బా తీసి అమ్మగారిని వీడియో కాల్‌లో ఒక్కొక్క అట్టా చూపించమను. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పి బిళ్లలు ఉంటే పక్కన పెట్టించు. కొబ్బరి చెట్లెక్కి దిగేవాళ్లకు, తోటల్లో తవ్వేవాళ్లకు ఒళ్లునొప్పులు రోజూ ఉంటాయి, కొట్లో పది రూపాయలకి దొరికే ఆ బిళ్ల వేసుకుంటే మర్నాడు మళ్లీ పనిలోకి వెళ్లొచ్చు. వాళ్లను తప్పుపట్టలేం. కానీ నీళ్లు ఇంకిపోయిన ఒంట్లో ఆ బిళ్ల కిడ్నీకి రక్తం తగ్గించేస్తుంది. నొప్పి ఎక్కువగా ఉంటే ప్యారాసిటమాల్, అదీ డాక్టర్ చెప్పిన మోతాదులో. నాటుమందులు, బూడిద మందులు అసలే వద్దు.

పని మధ్యాహ్నం ఎండలో కాకుండా పొద్దున్నే, సాయంత్రం చేసుకోమను. పొలానికి వెళ్లేటప్పుడు నీళ్లు తీసుకెళ్లమను. ఎంత నీళ్లు తాగాలో మాత్రం డాక్టర్‌ని అడగండి, జబ్బు ముదిరినవాళ్లు ఎక్కువ తాగినా ప్రమాదమే.

ఇక చెల్లి సంబంధం సంగతి. ఊరి పేరు చెప్పగానే సంబంధాలు వెనక్కి వెళుతున్నాయని ఉద్దానం నుంచి నాకు ఎన్ని ఉత్తరాలు వస్తాయో చెప్పలేను. ఆ భయంతోనే పరీక్ష చేయించుకోరు, చేయించుకున్నా దాస్తారు, దాచిన జబ్బు డయాలసిస్ దాకా వెళుతుంది. ఇది అంటుజబ్బు కాదు. నాన్నగారికి ఉందని చెల్లికి వచ్చి తీరాలనీ లేదు. ఊరందరికీ చాటక్కర్లేదు, ఇంట్లో నలుగురూ తెలుసుకుని ఆయన్ని కాపాడుకుంటే చాలు. అన్నట్టు, నువ్వూ చెల్లీ కూడా ఏడాదికోసారి పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: మాది నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం. మా తాతకు నడుము వంగిపోయింది, మా నాయినకు మోకాళ్లు పట్టేసినయ్. ఇప్పుడు భగీరథ నీళ్లు వస్తున్నయ్. అయినా మా ఇంట్ల వంటకు బోరు నీళ్లే వాడుతరు, మరగబెడితే ఫ్లోరైడ్ పోతది అంటరు. నిజమేనా సార్?

జవాబు: నిజం కాదు, పైగా ఉల్టా. నీళ్లు మరిగితే ఆవిరయ్యేది నీరే, ఫ్లోరైడ్ గిన్నెలోనే ఉండిపోతుంది. అంటే మరిగించిన కొద్దీ చిక్కబడుతుంది. పప్పు ఉడకబెట్టినా అంతే, చాయ్ కాచినా అంతే. తాగడానికే కాదు వంటకు కూడా భగీరథ నీళ్లే వాడమని అమ్మకు చెప్పు, బోరు నీళ్లు బట్టలకు, గిన్నెలకు ఉంచండి. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదు, వేరే నీళ్లు లేని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు.

తాతకు వంగిన నడుము మళ్లీ నిలబడదు, ఆ మాట దాచి లాభం లేదు. నాయినకు నొప్పి తగ్గించుకోవచ్చు, ఫిజియోథెరపీ చేయించుకోవచ్చు, మంచి నీళ్లు, పాలు, ఆకుకూరలు, సి విటమిన్ ఉన్న పండ్లు తింటే ఇంకా ముదరకుండా ఆపుకోవచ్చు. అసలు చూసుకోవాల్సింది పిల్లలను. దంతాల మీద పసుపు, గోధుమ గీతలు పడేది దంతాలు చిగుళ్ల లోపల తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్లలోపు. ఆ వయసు పిల్లల నోట్లో బోరు నీళ్ల చుక్క పోకుండా చూసుకోండి.

మీ జబ్బు కథ నాకు చాలా ఇష్టమైన కథ, జబ్బు ఇష్టమని కాదు, దాన్ని కనిపెట్టినవాళ్లు ఇష్టం. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే ఫ్లోరైడ్ వల్ల వచ్చే ఈ జబ్బును, మొదట గుర్తించింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో, తర్వాత ప్రకాశం జిల్లాలో చేరిన ఊళ్లలో. అయితే డాక్టర్ల కంటే ముందు రైతులకు అనుమానం వచ్చింది, అదీ ఎద్దులను చూసి. దుక్కికి కట్టిన ఎద్దులు కీళ్లు పట్టేసి నడవలేక కూలబడిపోతుంటే, ఇదేదో మామూలు కుంటి కాదని వాళ్లు గమనించారు. మనుషుల్లో జబ్బు సంగతి ఆ తర్వాత బయటపడింది.

నల్లగొండ వంతు 1970ల్లో వచ్చింది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు మీ జిల్లాలో తిరిగి, పడుచు పిల్లలకు మోకాళ్లు రెండూ లోపలికి వంగి ఒకదానికొకటి రాసుకోవడం చూసి 1973లో లాన్సెట్ అనే పెద్ద వైద్య పత్రికలో రాశారు. జొన్న ఎక్కువగా తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలబడుతోందని కూడా తర్వాత తేల్చారు. అది చదివి జొన్నరొట్టె మానేయకు, నీళ్లు మంచివైతే జొన్న మంచిదే. నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 'నీరి' వాళ్లు పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి తయారుచేస్తే దానికి 'నల్లగొండ టెక్నిక్' అని మీ జిల్లా పేరే పెట్టారు. ప్రపంచమంతా ఆ పేరుతోనే చదువుకుంటారు. ఆ పేరు పుస్తకాల్లోకి ఎక్కాక కూడా నల్లగొండ ఊళ్లలో నల్లా నుంచి కృష్ణా నీళ్లు రావడానికి దశాబ్దాలు పట్టింది, అది తలుచుకుంటే నాకు మీ తాత నడుమే గుర్తొస్తుంది. కారణం తెలిసిన జబ్బుకే అంతకాలం పట్టింది చూడండి.

ప్రశ్న: నేను భద్రాచలం వైపు ఆశా వర్కర్‌ని. సర్వే వాళ్లు వచ్చినప్పుడు "నువ్వే అందరి చేత సంతకాలు పెట్టించెయ్యమ్మా, నీ మాట వింటారు" అంటారు. వాళ్లు రాసుకొచ్చిన కాగితం నాకే సరిగ్గా అర్థం కాదు. కాదంటే పైవాళ్లకి చెబుతారేమోనని భయం.

జవాబు: చెల్లెమ్మా, మీ జిల్లాలోనే జరిగిన సంగతి ఒకటి చెబుతాను. 2009లో ఉమ్మడి ఖమ్మం జిల్లాలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేశారు, పరిశోధన ప్రాజెక్టులో భాగంగా. చాలామంది ఆశ్రమ పాఠశాలల గిరిజన పిల్లలు. తల్లిదండ్రుల సంతకాలు ఉండాల్సిన చోట హాస్టల్ వార్డెన్లు, హెడ్మాస్టర్లు సంతకాలు పెట్టేశారు. తర్వాత కొందరు పిల్లలు చనిపోతే గగ్గోలు లేచింది, 2010లో ప్రాజెక్టు ఆపేశారు. ఆ మరణాలకు టీకా కారణం కాదని విచారణలో చెప్పారు, ఆ టీకా మంచిదే, ఇప్పుడు ఎన్నో దేశాల్లో వేస్తున్నారు. కానీ సంతకాల సంగతిని 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం గట్టిగా తప్పుపట్టింది. మంచి టీకా మీద కూడా ఏళ్ల తరబడి జనానికి నమ్మకం పోయింది. అడగకుండా పెట్టిన సంతకం అంత పని చేసింది.

కాబట్టి మీరు చేయాల్సింది మీ ఊరివాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం వరకే. కాగితం చదివి చెప్పి, ప్రశ్నలకు జవాబివ్వడం వచ్చినవాళ్ల పని. కోయ మాట్లాడేవాళ్లుంటే కోయలోనే చెప్పాలి. చదువు రానివాళ్లు వేలిముద్ర వేసేటప్పుడు పక్కన ఆ సర్వేకి సంబంధం లేని సాక్షి ఉండాలి, ఆ సాక్షిగా మిమ్మల్ని పెడతామంటే, మీకు వాళ్లు రోజుకింత అని ఇస్తున్నట్టయితే కుదరదని చెప్పండి. పైవాళ్లకి చెబుతామంటే చెప్పనివ్వండి, "నాకు అర్థం కాని కాగితం మీద నేను పెట్టించను సార్" అన్న మాటకు మిమ్మల్ని తప్పుపట్టే రూలేదీ లేదు.

ప్రశ్న: రంగారెడ్డి జిల్లాలో మా ఊరికి నా చిన్నప్పటి నుంచీ ఒకటే సర్వేవాళ్లు వస్తున్నారు. మా అమ్మ నన్ను మోసేటప్పుడు అంగన్‌వాడీలో ఉప్మా పెట్టారట, దానికీ నా గుండె స్కానింగ్‌కీ సంబంధం ఏంటి?

జవాబు: సంబంధం ఉంది, మీరు చాలా విలువైన పనిలో ఉన్నారు. 1987 నుంచి 1990 దాకా హైదరాబాద్ దగ్గర 29 ఊళ్లలో పోషకాహార సంస్థ ఒక అధ్యయనం చేసింది. అప్పటికి ఐసీడీఎస్, అంటే అంగన్‌వాడీ పథకం, కొన్ని ఊళ్లకే వచ్చింది. ఆ 15 ఊళ్లలో గర్భిణులకు, ఆరేళ్లలోపు పిల్లలకు రోజూ మొక్కజొన్న, సోయా పిండితో చేసిన ఉప్మా పెట్టారు. మిగతా 14 ఊళ్లకు పథకం ఇంకా రాలేదు. పదిహేనేళ్ల తర్వాత 2003 నుంచి 2005 మధ్య ఆ పిల్లలను వెతికి పట్టుకుని కొలిస్తే, ఉప్మా తిన్న ఊళ్ల పిల్లలు మిగతావాళ్ల కంటే సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ పొడుగున్నారు. అంతకంటే ముఖ్యం, వాళ్ల రక్తనాళాలు కాస్త మెత్తగా ఉన్నాయి, ఇన్సులిన్ బాగా పనిచేస్తోంది. అంటే అమ్మ కడుపులో ఉన్నప్పుడు తిన్న తిండికీ, పెద్దయ్యాక గుండెజబ్బుకీ షుగర్‌కీ లంకె ఉండొచ్చని. అంగన్‌వాడీలో ఉప్మా ఎందుకు, దండగ అనేవాళ్లకు చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి? ఉద్దానానికి కావాల్సింది కూడా ఇలాంటి ఏళ్ల తరబడి ఓపికే. ఈసారి వస్తే మీ స్కానింగ్ రిపోర్టు తప్పకుండా అడిగి తీసుకోండి, వాళ్లు పిలిచినప్పుడు వీలైతే వెళ్లండి, మానకండి.

ప్రశ్న: నేను పలాసలో డిగ్రీ చదువుతున్నాను. మేం ఇరవైమంది ఫ్రెండ్స్‌మి ఎండాకాలం సెలవుల్లో మా చుట్టుపక్కల ఊళ్లలో కిడ్నీ జబ్బు మీద సర్వే చేద్దామనుకుంటున్నాం. న్యూజెర్సీలో ఉండే సోంపేట అన్నయ్య ఒకరు డబ్బు పంపిస్తానన్నారు, ఆయన మాత్రం ఆర్వో ప్లాంటు పెట్టండి అంటున్నారు. ఏది చేయాలి?

జవాబు: మీ అన్నయ్యది మంచి మనసే, ఆయనకి ఇది చూపించు. నీళ్లే కారణమని ఇంకా తేలలేదు. ఆర్వో ప్లాంటు పెట్టడం తేలిక, రెండేళ్ల తర్వాత పొర మార్చడానికి, కరెంటు బిల్లు కట్టడానికి ఎవరూ ఉండరు, అలా తుప్పుపట్టిన షెడ్లు మన ఊళ్లలో తక్కువేం లేవు. ఇప్పుడు వంశధార నీళ్లు వస్తున్న చోట, ఆ నీళ్లు ప్రతి వీధికీ రోజూ వస్తున్నాయా లేదా రాసి పంచాయతీ వెంట పడండి, అది మీకు చేతనైన పని. ఆయన పంపే డబ్బుకి నాకు తోచిన దారి వేరే. డయాలసిస్ రోగి వారానికి రెండుమూడుసార్లు వెళ్లాలి, వెళ్లిన ప్రతిసారీ నాలుగు గంటలు మంచం మీదే. డయాలసిస్ ప్రభుత్వం చేయిస్తుంది, నెలకు 10,000 పింఛనూ ఇస్తుంది. కానీ రోగి వెంట వెళ్లే మనిషికి ఆ రోజు కూలి పోతుంది, ఆటో ఛార్జీ వేరే. అందుకే మూడోసారి వెళ్లాల్సినవాళ్లు రెండుసార్లతో సరిపెట్టుకుంటారు. ఒక వ్యాను, ఒక డ్రైవరు, డీజిల్, దీనికి ఆయన డబ్బు పెడితే నాలుగు ఊళ్లవాళ్లు దీవిస్తారు.

సర్వే చేయండి, తప్పకుండా చేయండి. రక్తం జోలికి మాత్రం వెళ్లకండి, అది మీ పని కాదు, అనుమతులు కావాలి. మీరు చేయగలిగినవి పెద్ద సంస్థలకు సాధ్యం కానివి. మీ ఊరివాళ్లు ఏ నెలలో ఏ పని, ఎన్నింటికి మొదలుపెట్టి ఎన్నింటికి దిగుతారు, మధ్యలో నీడ ఎక్కడుంది, సీసాలో ఎన్ని నీళ్లు పట్టుకెళ్లి ఎన్ని వెనక్కి తెస్తారు. 2018 అక్టోబరు తిత్లీ తుపానుకి కొబ్బరి, జీడి చెట్లు కూలిపోయాక నీడ పోయిన తోటల్లో పని ఎలా మారిందో ముసలివాళ్లను అడగండి, వాళ్లకే బాగా తెలుసు. నికరాగ్వా చెరకు తోటల్లో నీళ్లు, విశ్రాంతి, నీడ అని మూడు మాటలు పట్టుకుని పనివేళలు మార్చి చూశారు, కూలీల కిడ్నీలకు హఠాత్తుగా తగిలే దెబ్బలు తగ్గాయి. మన జీడితోటల్లో అలా మార్చాలంటే ముందు మన పని ఎలా ఉందో ఎవరో ఒకరు రాసిపెట్టాలి కదా. కిరాణా కొట్లో వారానికి ఎన్ని నొప్పి బిళ్లల అట్టలు అమ్ముడవుతున్నాయో లెక్క దొరికితే అది బంగారం, కానీ కొట్టు పేరు రాయకండి.

మీ కాలేజీలో ఒక మాస్టారిని, పీహెచ్‌సీ డాక్టర్‌గారిని పక్కన పెట్టుకుని మొదలుపెట్టండి. ఇంకొక్క మాట. మీరు రాసుకున్నది ఊళ్లో అందరినీ కూర్చోబెట్టి చదివి వినిపించే రోజు ఏదో, సర్వే మొదలుపెట్టకముందే అనుకోండి, ఇంటింటికీ ఇచ్చే కాగితం మీద ఆ తేదీ, ఏ ఊళ్లో ఏ రచ్చబండ దగ్గరో పెద్ద అక్షరాలతో అచ్చు వేయించండి.